జోర్డాన్: అమ్మానాన్నలతో ఎనిమిది రోజులు, పెట్రాకు ఒక్క పూట సరిపోతుందా?

కృష్ణలంక రాశారు:

అందరికీ నమస్కారం. వచ్చే అక్టోబరులో అమ్మానాన్నలను తీసుకుని జోర్డాన్ వెళ్దామనుకుంటున్నాను. నాన్నగారు హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. రోమన్ సామ్రాజ్యం పాఠం వస్తే బోర్డు నిండా మ్యాపు గీసి మరీ చెప్పేవారని ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ అంటుంటారు. వయసు అరవై ఎనిమిది, నడకలో నాకంటే హుషారు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. మెట్లు ఎక్కడం కన్నా దిగడమే ఆమెకు కష్టం. పైగా పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు.

ఒక ట్రావెల్స్ వాళ్ళు ప్లాను ఇచ్చారు. మొదటి రోజు అమ్మాన్, రెండో రోజు జెరాష్, అజ్లూన్, ఉమ్ కైస్ మూడూ. మూడో రోజు మాదాబా, నెబో కొండ, యోర్దాను నది, మృత సముద్రం. నాలుగో రోజు కరక్ కోట చూసుకుని రాత్రికి పెట్రా. ఐదో రోజు పొద్దున పెట్రా, సాయంత్రానికి వాడీ రమ్ ఎడారి. తర్వాత అకబా, మళ్ళీ అమ్మాన్, ఎనిమిదో రోజు తిరుగు ఫ్లైటు. చూడ్డానికి నిండుగానే ఉంది కానీ, నాన్నగారు ఏళ్ళ తరబడి చూడాలనుకున్న, కొండల్లో తొలిచిన ప్రాచీన నగరం పెట్రాకు మిగిలింది ఒక్క పూట.

ఒక పూటలో పెట్రా అవుతుందా? అమ్మ అక్కడ నడవగలదా? వీసా ఎలా? చుట్టుపక్కల దేశాల్లో పరిస్థితి చూస్తే ఇప్పుడు వెళ్ళడం మంచిదేనా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

ఎడారి బాటసారి రాశారు:

అన్నా, ముందుగాల ఆ ప్లాను పక్కన పెట్టు. మాది నిజామాబాద్, ఉండేది కువైట్‌ల. జోర్డాన్ పోయొచ్చిన, అందుకే చెప్తున్న. పెట్రా ఒక పూటల అయ్యేది కాదు. టికెట్ గేటు కాడికెల్లి ఖజ్నే దాకనే దగ్గర దగ్గర రెండు కిలోమీటర్లు. అందరు ఫొటోల సూసే, కొండల చెక్కిన ఎత్తైన కట్టడం గా ఖజ్నేనే. ఊరు మొదలయ్యేది దాని తర్వాతనే. ఆడికెల్లి రాజుల సమాధులు, థియేటరు, రోమన్ల బాట, గుడి, ఆ చివరకు కొండ మీద అద్-దైర్, రాతిల చెక్కిన ఇంకో పెద్ద కట్టడం. ఒక పూటల పోయేటోళ్ళు ఖజ్నే ముంగట ఫొటో దిగి ఎనక్కి వస్తరు.

వీసాకు, పెట్రా టికెట్‌కు కలిపి జోర్డాన్ పాస్ తీసుకో. ఆన్‌లైన్‌ల కొనాలె, విమానం ఎక్కకముందే కొనాలె. పెట్రా ఒక రోజుకైతే 70 దినార్లు, రెండు రోజులకు 75, మూడు రోజులకు 80. ఎయిర్‌పోర్టుల వీసా ఫీజు 40 దినార్లు, కనీసం మూడు రాత్రులు దేశంల ఉంటే ఈ పాస్ మీద అది మాఫీ. పెట్రా టికెట్ ఒక్కటే విడిగా కొంటే ఒక రోజుకు 50. లెక్క నువ్వే ఏసుకో. ఐదు దినార్లు ఎక్కువ పెడితే రెండో రోజు వస్తది. దినారు అంటే మన పైసలల్ల 120 రూపాయల పైమాటే.

ఇంకొక మాట. మనోళ్ళకు ఎయిర్‌పోర్టుల దిగినంక వీసా ఇస్తరు గని, రిటర్న్ టికెట్, హోటల్ బుకింగు కాయితాలు, ఖర్చులకు పైసలున్నట్టు రుజువు చేతిల ఉండాలె. పోయే ముందు ఎంబసీ వెబ్‌సైటు ఒకసారి సూసుకో, నియమాలు మారుతుంటయి.

గుంటూరు మిరప రాశారు:

మేము చర్చి వాళ్ళతో కలిసి హోలీలాండ్ యాత్రకు వెళ్ళినప్పుడు జోర్డాన్ కూడా ఉంది. విజయవాడ, గుంటూరు వైపు నుంచి జెరూసలేం వెళ్ళే బృందాలకు ఇది మామూలు దారే. నెబో కొండ, మాదాబా, అక్కణ్ణుంచి యోర్దాను నది, పెట్రా. మాకు పెట్రాలో రెండు గంటలే ఇచ్చారు. గైడు గారు చేతి గడియారం చూపిస్తూనే ఉన్నారు. మా బృందంలో పెద్దవాళ్ళు కొందరు ఖజ్నే దాకా కూడా రాలేక దారిలోనే కూర్చుండిపోయారు, బస్సు టైముకు వెనక్కి నడిచారు. డబ్బు కట్టి అంత దూరం వచ్చి చూడకుండా తిరిగి వెళ్ళడం చాలా బాధగా అనిపించింది. మీ ప్లానులో ఐదో రోజు చూడగానే అదే గుర్తొచ్చింది. దయచేసి మార్చుకోండి.

మాదాబాను మాత్రం తీసెయ్యకండి. అక్కడి సెయింట్ జార్జ్ చర్చి నేల మీద ఆరో శతాబ్దం నాటి మొజాయిక్ మ్యాపు ఉంది. రంగురాళ్ళ ముక్కలు పేర్చి చేసిన పవిత్ర భూమి పటం. పోయినంత పోగా మిగిలిన దాంట్లో జెరూసలేం నగరం, దాని స్తంభాల వీధి, గుమ్మాలు స్పష్టంగా కనబడతాయి. యోర్దాను నది మృత సముద్రంలో కలిసేచోట ఒక చేప వెనక్కి తిరిగి ఈదుతూ ఉంటుంది, ఆ ఉప్పునీళ్ళలో బతకలేదు కనుక. మ్యాపులు గీసి పాఠం చెప్పిన మాష్టారికి అది చూపించకుండా ఎలా తీసుకొస్తారు?

బాప్తిస్మ స్థలం, అంటే అల్-మగ్తస్, జోర్డాన్ పాస్‌లోకి రాదు, విడిగా టికెట్ తీసుకోవాలి. నది అక్కడ చాలా సన్నం. అవతలి ఒడ్డున ఉన్నవాళ్ళ మాటలు వినబడతాయి, అది వేరే దేశం. మావాళ్ళు ఒడ్డున నిలబడి తెలుగులో కీర్తన ఎత్తుకుంటే అవతలి ఒడ్డున ఉన్నవాళ్ళు ఆగి విన్నారు.

రాళ్ళూ రాతలూ రాశారు:

కృష్ణలంక గారూ, మీ నాన్నగారి కోసమే ఈ ప్రయాణం అన్నట్టు రాశారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

పెట్రా అనగానే అందరూ కొండల్లో చెక్కిన ముఖద్వారాల గురించే మాట్లాడతారు. ఆ నగరాన్ని నిలబెట్టింది నీళ్ళు. దాన్ని కట్టిన నబతీయులు ఎడారి వర్తకులు. దక్షిణ అరేబియా నుంచి సాంబ్రాణి, సుగంధద్రవ్యాలు మోసుకొచ్చే ఒంటె బిడారులు వాళ్ళ చేతుల్లోంచి గాజా రేవుకు పోయేవి. ఏడాదికి సుమారు 150 మిల్లీమీటర్ల వాన పడే చోట వాళ్ళు 20,000 మందికి పైగా బతికే నగరాన్ని కట్టారని అంచనా. పడిన ప్రతి చుక్కనూ కొండ మీదే ఆపారు. చిన్న చిన్న ఆనకట్టలు, రాతిలో తొలిచిన తొట్లు, కాలువలు, మట్టి గొట్టాలు. ఒకటి నిండితే నీళ్ళు దిగువనున్న దానిలోకి పోతాయి. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు చూసినవాళ్ళకు ఈ ఆలోచన వెంటనే పట్టుబడుతుంది.

ఇది కళ్ళారా చూడాలంటే సీక్‌లో నెమ్మదిగా నడవాలి. సీక్ అంటే ఊళ్ళోకి పోయే ఇరుకు కనుమ, 1.2 కిలోమీటర్ల పొడవు. రెండు పక్కలా గోడల వెంట కాలువ సాగుతూ ఉంటుంది. ఒక పక్క రాతిలో తొలిచిన కాలువ, రెండో పక్క మట్టి గొట్టాలు కూర్చిన గాడి. గొట్టాల ముక్కలు కొన్నిచోట్ల ఇంకా గోడలోనే ఉన్నాయి. సగం దారి దాటాక ఎడమ పక్క గోడ మీద ఒంటెల బిడారు చెక్కారు, నిలువెత్తు బొమ్మలు. పైభాగం అరిగిపోయింది. ఒంటె పాదాలు, దాన్ని నడిపించే మనిషి కాళ్ళు, అంగీ అంచు మాత్రం మిగిలాయి. చేతిలో ఫోను పట్టుకుని నడిచేవాళ్ళు దాన్ని దాటేసి పోతారు.

సీక్ మొదట్లోనే కుడి పక్కన ఒక ఆనకట్ట, ఒక సొరంగం ఉన్నాయి. వరద నీరు ఊళ్ళోకి దూసుకు రాకుండా పక్క లోయలోకి మళ్ళించేందుకు నబతీయులు కొండను తొలిచి చేశారు. కాలక్రమంలో ఆ ఏర్పాటు పాడైంది. 1963 ఏప్రిల్‌లో ఒక్కసారిగా వచ్చిన వరదలో 20 మందికి పైగా ఫ్రెంచ్ యాత్రికులు సీక్‌లో చనిపోయారు. ఆ తర్వాతే పాత నమూనాలోనే ఆనకట్టను మళ్ళీ కట్టారు. అందుకే చెబుతున్నాను, అక్టోబరు ఆఖరు నుంచి ఏప్రిల్ దాకా మబ్బు పడితే అక్కడి సిబ్బంది ఏం చెబితే అది వినండి. మూసేశామంటే వాదించకండి.

ఒక పూటలో ఇవేవీ కనబడవు. రెండు పూర్తి రోజులు ఉంచండి, పెట్రా గేటు పక్కనున్న ఊరు వాడీ మూసాలో మూడు రాత్రులు.

ఉక్కునగరం రాశారు:

మంచి చర్చ. ఈజిప్టు ఎందుకు వద్దనుకున్నారు? డబ్బు విషయంలో అది చవక కదా, చరిత్ర కూడా ఇంకా పాతది.

జోర్డాన్‌తో మనకున్న సంబంధం ఒకటి చెబుతాను. నేను ఎరువుల రంగంలో పనిచేస్తాను. మన పొలాల్లో వేసే డీఏపీకి కావలసిన ఫాస్ఫేటు రాయి మన దేశానికి జోర్డాన్ నుంచి పెద్ద ఎత్తున వస్తుంది, పొటాష్ కూడా. వాళ్ళకున్న ఏకైక రేవు అకబా. దక్షిణాన ఎషీదియా గనుల దగ్గర ఫాస్ఫారిక్ యాసిడ్ తయారు చేసే భారత్-జోర్డాన్ ఉమ్మడి కంపెనీ కూడా ఉంది. మృత సముద్రం పక్క రోడ్డులో వెళితే పొటాష్ ఆరబెట్టే మడుగులు కనబడతాయి. మీ నాన్నగారికి ఆసక్తి ఉంటే డ్రైవరును అడగండి.

కృష్ణలంక రాశారు:

ఈజిప్టు కూడా ఆలోచించాం అండీ. అక్కడ అయితే కైరో, లక్సర్, అస్వాన్ మధ్య దూరాలు చాలా ఎక్కువ. అమ్మను ప్రతి రెండు రోజులకూ విమానమో రైలో ఎక్కించాలి. జోర్డాన్ చిన్న దేశం. అమ్మాన్ నుంచి పెట్రాకు ఎడారి హైవేలో మూడు గంటల్లో పోవచ్చని చూశాను.

రాళ్ళూ రాతలూ గారూ, మీరు రాసింది నాన్నగారికి చదివి వినిపించాను. ఆ సొరంగం గురించి మళ్ళీ చదవమన్నారు. అమ్మ సంగతే ఇంకా తేలలేదు. రెండు రోజులు ఆమె హోటల్లో కూర్చోవాలా?

మంజీర రాశారు:

నేను ఫిజియోథెరపిస్టును. అమ్మగారిని హోటల్లో కూర్చోబెట్టాల్సిన అవసరం లేదు. కానీ దారి ఎటు వంపుగా ఉందో ముందే తెలుసుకోవాలి. పెట్రాలోకి వెళ్ళేటప్పుడు మొత్తం దిగుడే, వచ్చేటప్పుడు ఎక్కుడు. ఉదయం ఉత్సాహంగా కిందికి దిగిపోతారు, మధ్యాహ్నం అలసిపోయాక ఆ రెండు కిలోమీటర్లు ఎక్కాల్సి వస్తుంది. మోకాళ్ళు సరిగ్గా అప్పుడే మొరాయిస్తాయి. దానికి తోడు సీక్‌లో కొన్నిచోట్ల పాత రాతి పరుపు ఎగుడుదిగుడుగా ఉంటుంది.

విజిటర్ సెంటర్ నుంచి ఖజ్నే దాకా ఎలక్ట్రిక్ బళ్ళు తిరుగుతాయి. ఛార్జి విడిగా కట్టాలి. వెళ్ళేటప్పుడు నడిచి, వచ్చేటప్పుడు బండి ఎక్కండి. నొప్పి ఎక్కువ ఉన్న రోజు రెండు వైపులా బండే. సాయంత్రం బండికి వరస పెరుగుతుంది, కాబట్టి మూడు గంటలకే బయల్దేరండి. ఖజ్నే దాటాక ముఖద్వారాల వీధి, థియేటరు, స్తంభాల వీధి, కస్ర్ అల్-బింత్ గుడి దాకా పెద్దగా మెట్లు లేవు, ఇసుకదారి. అక్కడక్కడా కూర్చుని టీ తాగొచ్చు. అమ్మగారు ఆ దారంతా నడవకపోయినా థియేటరు దాకా హాయిగా వెళ్ళగలరు.

ఇప్పటి నుంచి అక్టోబరు దాకా టైముంది. తొడ కండరాలు గట్టిపడే వ్యాయామాలు రోజూ చేయించండి. కుర్చీలో కూర్చుని కాలు చాచి పట్టుకోవడం, గోడకు ఆనుకుని కొద్దిగా కిందికి జారడం లాంటివి, మీ దగ్గరి ఫిజియోను అడిగితే ఆమెకు తగ్గట్టు చెబుతారు. నడక కర్ర ఒకటి కాదు, రెండు కొనండి. దిగేటప్పుడు మోకాలి మీద పడే బరువు బాగా తగ్గుతుంది. కొత్త బూట్లు ప్రయాణంలో తొలిసారి వేయించకండి, నెల ముందే అలవాటు చేయండి.

ఎడారి బాటసారి రాశారు:

మంజీర అక్క చెప్పింది కరెక్టు. అద్-దైర్ కాడికి పోవాలంటే 800 మెట్లకు పైనే ఉంటయి. గాడిద మీద కూసొని పోవచ్చని ఆడ పిలుస్తుంటరు. అమ్మను అట్ల ఎక్కిస్తే అయిపోతది గద?

మంజీర రాశారు:

వద్దు తమ్ముడూ. ఆ మెట్లు అరిగి నున్నగా ఉంటాయి, ఒక పక్క లోయ. జంతువు కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పైగా దిగేటప్పుడు జీను మీద ముందుకు జారకుండా మోకాళ్ళతో బిగించి కూర్చోవాలి, నొప్పి ఉన్నవాళ్ళకు అది ఇంకా కష్టం. ఆ ఎండలో ఆ గాడిదలు రోజుకు ఎన్నిసార్లు ఆ మెట్లెక్కుతాయో ఆలోచించినా ఎక్కబుద్ధి కాదు. నాన్నగారు ఒక్కరే నడిచి వెళ్ళి రావచ్చు.

టికెట్టుతో పాటు గుర్రం సవారీ ఉచితం అని కూడా గేటు దగ్గర చెబుతారు. అది సీక్ మొదలు దాకానే. దిగాక టిప్పు గట్టిగా అడుగుతారు. ఎక్కే ముందే మాట్లాడుకోండి, లేదంటే ఎక్కకండి.

రాళ్ళూ రాతలూ రాశారు:

అద్-దైర్‌కు నాన్నగారు రెండో రోజు మధ్యాహ్నం వెళ్ళడం మంచిది. దాని ముఖం పడమటి వైపుకు, సాయంత్రపు ఎండ నేరుగా పడుతుంది. ఖజ్నేకు మాత్రం పొద్దున తొమ్మిది, పదింటి మధ్య వెలుగు బాగుంటుంది.

ఖజ్నే మీద ఉన్న రాతి కలశానికి తుపాకీ గుళ్ళ దెబ్బలు కనబడతాయి. అందులో నిధి దాచారనుకుని బెదూయిన్లు, అంటే ఎడారి తెగలవాళ్ళు, కాల్చినవి. నిజానికి ఆ కలశం నిండు రాయి. 2024లో ఖజ్నే కిందనే తవ్వితే 12 అస్థిపంజరాలున్న సమాధి బయటపడింది. ఖజ్నే ఒక రాజు సమాధి కట్టడమే అని, ఆ రాజు నాలుగో అరెటాస్ కావచ్చని చాలామంది పండితుల అభిప్రాయం. ఆయన క్రీ.పూ. 9 నుంచి క్రీ.శ. 40 దాకా ఏలాడు. ఆ తర్వాత 106లో ట్రేజన్ చక్రవర్తి కాలంలో రోమన్లు ఈ రాజ్యాన్ని కలిపేసుకున్నారు. 363లో పెద్ద భూకంపం.

థియేటరు గురించి ఒక్క సంగతి. దాన్ని కొండలో తొలిచేటప్పుడు అంతకుముందున్న సమాధులను అడ్డంగా కోసేశారు. పై వరస వెనక గోడలో కన్నాల్లా కనబడేవి ఆ సమాధుల లోపలి గదులు. ముందు గోడలు పోయి గదులు మిగిలాయి. అమ్మగారు కింద నుంచే చూడొచ్చు, ఎక్కనక్కర్లేదు.

స్తంభాల వీధికి పైనున్న బైజాంటైన్ చర్చిలో మొజాయిక్ నేలలు చూడండి. 1993లో అక్కడ కాలిపోయిన పాపిరస్ చుట్టలు దొరికాయి. ఆరో శతాబ్దం నాటివి, గ్రీకులో రాసినవి, ఆస్తి పంపకాలు, అమ్మకాలు, కట్నాల గొడవల కాగితాలు. భూకంపం తర్వాత ఈ ఊరు ఖాళీ అయిపోయిందని అనుకునేవాళ్ళకు అవి జవాబు. మూడో శతాబ్దంలో వర్తక దారులు మారాక కూడా జనం ఇక్కడ ఇళ్ళు కొనుక్కున్నారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు.

కొండారెడ్డి బురుజు రాశారు:

అస్సలాము అలైకుం, నమస్తే అందరికీ. కర్నూలు నుంచి. మాష్టారు రోమన్ల మీద మక్కువ ఉన్నవారు కాబట్టి రోమన్ల నాటి నగరం జెరాష్ ఉంచారు, సంతోషం. ఉమ్ కైస్, అజ్లూన్ అదే రోజు కలపకండి. జెరాష్‌కే ఒక రోజు పడుతుంది. 129లో హేడ్రియన్ చక్రవర్తి వచ్చినప్పుడు కట్టిన తోరణం నుంచి నడక మొదలవుతుంది. అండాకారంలో ఉన్న కూడలి, దాని చుట్టూ స్తంభాలు, అక్కణ్ణుంచి పొడవాటి రాతి వీధి. రాళ్ళ మీద బండి చక్రాలు పోయి పోయి పడిన గాడులు ఇంకా ఉన్నాయి. ఆర్టెమిస్ గుడి స్తంభాల్లో ఒకదాని అడుగున సందులో స్థానికుడొకరు చెంచా దూర్చి పెట్టాడు. గాలి వీస్తే ఆ చెంచా పిడి పైకీ కిందికీ కదులుతుంది. అంత పెద్ద స్తంభం నిజంగానే ఊగుతోందని అప్పుడు తెలుస్తుంది. భూకంపాలను అవి తట్టుకున్నది ఆ ఊగడం వల్లే.

నా విన్నపం వేరే. అందరూ రోమన్లు, నబతీయులు అంటున్నారు. ఇది అరబ్ దేశం, ఇస్లాం తొలి శతాబ్దాల చరిత్ర కూడా ఇక్కడ మట్టిలో ఉంది. అమ్మాన్‌కు తూర్పున 85 కిలోమీటర్ల దూరంలో కుసైర్ అమ్రా అనే చిన్న కట్టడం ఉంది. ఉమయ్యద్ ఖలీఫాల వంశపు యువరాజు వలీద్ ఎనిమిదో శతాబ్దంలో కట్టించుకున్న విడిది, స్నానశాల. 1985లో పెట్రాతో పాటే యునెస్కో జాబితాలోకి వచ్చింది. బయటి నుంచి చూస్తే ఏమీ అనిపించదు. లోపలికి పోతే గోడల నిండా, కప్పు నిండా రంగు చిత్రాలు. వేట, స్నానాలు, ఇళ్ళు కట్టే కూలీలు, రాళ్ళు మోసే ఒంటె. ఒక గడిలో ఎలుగుబంటి వీణలాంటి వాద్యం వాయిస్తుంటే కోతి చప్పట్లు కొడుతోంది. వేడినీళ్ళ గది గుమ్మటం మీద రాశిచక్రం, నక్షత్ర మండలాలు గీశారు. గుమ్మటం మీద ఆకాశాన్ని చిత్రించిన వాటిలో ఇంతవరకు మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది ఇదే అంటారు. తొలినాటి ముస్లిం పాలకుల అభిరుచి ఎంత విశాలమైందో చూడాలంటే అక్కడికి పోవాలి.

కరక్ వైపు వెళ్ళేవాళ్ళు మూతా కూడా చూడొచ్చు. 629లో ముస్లింలకూ బైజాంటైన్లకూ మధ్య యుద్ధం జరిగిన చోటు. ప్రవక్త బంధువు జాఫర్ ఇబ్న్ అబీ తాలిబ్ సమాధి దగ్గర్లోనే ఉంది. మా పెద్దవాళ్ళు ఆ దారిలో పోతే అక్కడ ఆగకుండా రారు.

పెరుగన్నం రాశారు:

అమ్మగారి భోజనం గురించి ఇంతమందిలో ఒక్కరూ మాట్లాడలేదు. నేను దోహాలో ఉంటాను. అమ్మాన్‌లో మాకు చుట్టాలుంటే వాళ్ళింట్లో ఉండి తిరిగాం. శాకాహారులకు ఆ దేశం మంచిదే, ఏం అడగాలో తెలిస్తే.

పొద్దున హోటల్లో హమ్మస్, ఫూల్, ఫలాఫెల్, రొట్టె, ఆలివ్‌లు, టమాటాలు, దోసకాయ ముక్కలు తప్పకుండా ఉంటాయి. ఫూల్ అంటే బాకలా గింజలు ఉడకబెట్టి నిమ్మరసం, నూనె వేసింది. మధ్యాహ్నానికి గలాయత్ బందోరా అడగండి. టమాటాలు, వెల్లుల్లి, పచ్చిమిర్చి ఆలివ్ నూనెలో మగ్గించి ఇస్తారు, వేడి రొట్టెతో తింటే మన ఇంటి కూర తిన్నట్టే ఉంటుంది. ముజద్దరా అని అన్నం, పప్పు కలిపి వండి పైన వేయించిన ఉల్లిపాయలు చల్లుతారు. లబ్నే అంటే నీళ్ళు వడకట్టిన గట్టి పెరుగు, అమ్మగారు దీనితోనే బతికేయొచ్చు.

జాగ్రత్త పడాల్సింది సూపుల దగ్గర. పప్పు సూపు అని చెప్పినా చాలాచోట్ల కోడి ఉడికించిన నీళ్ళతో కాస్తారు. అన్నం కూడా అంతే. "బిదూన్ లహమ్, బిదూన్ దజాజ్, బిదూన్ బైద్" అని ఒక చీటీ మీద అరబీలో రాయించుకుని జేబులో పెట్టుకోండి. మాంసం, కోడి, గుడ్డు వద్దని. వాళ్ళు విసుక్కోరు, వంటవాణ్ణి పిలిచి మరీ అడుగుతారు. మన్సఫ్ అనేది వాళ్ళ పెద్ద విందు భోజనం, పొట్టేలు మాంసం, పుల్లటి ఎండు పెరుగు రసం, అది మీకూ నాన్నగారికీ.

చిన్న కెటిల్, ఉప్మా పొడి, గోంగూర పచ్చడి సీసా పట్టుకెళ్ళండి. పచ్చడి చెక్-ఇన్ సామానులో, నూనె కారకుండా రెండు కవర్లలో. బెదూయిన్ కాఫీ ఇస్తే చిన్న కప్పు తీసుకోండి. చాలనిపించినప్పుడు కప్పును అటూ ఇటూ ఊపి ఇవ్వాలి, లేకపోతే మళ్ళీ పోస్తూనే ఉంటారు.

ఉక్కునగరం రాశారు:

భద్రత గురించి అడిగిన దానికి ఎవరూ జవాబివ్వలేదు. జోర్డాన్ లోపల ప్రశాంతంగానే ఉంటుందన్నది చాలామంది మాట. ఇబ్బంది విమానాలతో. 2024 ఏప్రిల్‌లో, 2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ మధ్య దాడులు జరిగినప్పుడు జోర్డాన్ తన గగనతలాన్ని మూసేసింది. అలాంటప్పుడు ఇద్దరు పెద్దవాళ్ళతో ఎయిర్‌పోర్టులో చిక్కుకుంటే కష్టం. హోటళ్ళన్నీ డబ్బు వాపసు వచ్చే పద్ధతిలో బుక్ చేయండి. విమానం రెండు వేరు వేరు టికెట్లు కాకుండా హైదరాబాద్ నుంచి అమ్మాన్ దాకా ఒకే టికెట్టు తీసుకోండి. ఒక ఫ్లైటు రద్దయితే మిగతాది వాళ్ళ బాధ్యత అవుతుంది. అమ్మానాన్నల మందులు రెండు వారాలకు అదనంగా, డాక్టరు చీటీతో సహా, చేతి సంచిలో. విదేశాంగ శాఖ సూచనలు బయల్దేరే వారంలో చూసి, అప్పటికి బాగాలేదంటే మొహమాటం లేకుండా వాయిదా వేయండి.

కృష్ణలంక రాశారు:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఆదివారం ఇంట్లో కూర్చుని అన్నీ చదివాం. ట్రావెల్స్ వాళ్ళ ప్లాను వదిలేశాం, కారూ డ్రైవరూ మేమే మాట్లాడుకుంటాం. అక్కడ కుడి పక్కన నడపాలి కాబట్టి నేను స్టీరింగ్ పట్టుకోదల్చుకోలేదు.

మొదటి రోజు దిగి విశ్రాంతి. రెండో రోజు జెరాష్ ఒక్కటే. మూడో రోజు పొద్దున కుసైర్ అమ్రా, సాయంత్రం అమ్మాన్ కోట. నాలుగో రోజు మాదాబా, నెబో చూసుకుని వాడీ మూసా. ఐదు, ఆరు పూర్తిగా పెట్రా. ఏడో రోజు మృత సముద్రం ఒడ్డున బస, ఎనిమిదో రోజు రాత్రి ఫ్లైటు. అజ్లూన్, ఉమ్ కైస్, కరక్, అకబా, వాడీ రమ్ తీసేశాం. వాడీ రమ్ తీసెయ్యమన్నది నాన్నగారే. ఎడారి కన్నా ఆ ఎలుగుబంటి బొమ్మ చూడాలన్నారు. అమ్మ మాత్రం యోర్దాను నది నీళ్ళు సీసాలో పట్టి మా పక్కింటి మేరమ్మ గారికి తేవాలంటోంది, అల్-మగ్తస్ ఏడో రోజు కలుపుతున్నాం.

ఇంకొక్కటి. మృత సముద్రంలో అమ్మ దిగవచ్చా? బీపీ మాత్ర వేసుకుంటుంది.

ఎడారి బాటసారి రాశారు:

వాడీ రమ్ తీసేసినవా అన్నా! మస్తు బాధైంది. ఎర్రటి కొండలు, రాత్రి గుడారం ముంగట ఇసుకల గుంత తోడి వండే జర్బ్... సరే, పెద్దాయన మాటే మాట. అమ్మాన్‌ల జోర్డాన్ మ్యూజియం జర సూసుకో, మూడో రోజు సాయంత్రం కోటకు బదులు అదైనా పెట్టు. ఐన్ గజాల్‌ల దొరికిన సున్నపు మనిషి బొమ్మలు ఆడ ఉన్నయి, తొమ్మిది వేల ఏండ్ల కిందటియి. కండ్లకు నల్లటి గీత పెట్టి ఉంటది, మనల్నే సూస్తున్నట్టు. మ్యూజియం సెలవు ఏ వారమో ముందుగాల్నే అడుగు.

మంజీర రాశారు:

బీపీ అదుపులో ఉంటే డాక్టరును అడిగి దిగొచ్చు. పది, పదిహేను నిమిషాలు చాలు, మీరు పక్కనే ఉండాలి. మామూలు సముద్రం కంటే ఎన్నో రెట్లు ఉప్పు కాబట్టి మనిషి తనంతట తానే తేలిపోతాడు. ప్రమాదమంతా బోర్లా తిరగడంలో, కంట్లో నీళ్ళు పడటంలో ఉంది. వెల్లకిలా పడుకున్నాక లేవాలంటే ముందు మోకాళ్ళు ముడిచి, చేతులు వెనక్కి తోసి, పాదాలు కింద ఆనించి లేవాలి. అమ్మగారికి ఇది ఒడ్డున ఒకసారి చూపించండి. ముందు రోజు షేవింగ్ వద్దని నాన్నగారికి చెప్పండి, చిన్న గాటు ఉన్నా భగ్గున మండుతుంది. అడుగున ఉప్పు గడ్డలు పదునుగా ఉంటాయి, రబ్బరు చెప్పులతోనే దిగండి. షవర్లు ఉన్న హోటల్ బీచ్ ఎంచుకోండి, బయటికి రాగానే మంచినీళ్ళతో కడుక్కోవాలి.

రాళ్ళూ రాతలూ రాశారు:

ప్లాను బాగుంది. ఒక చిన్న సవరణ. నాలుగో రోజు వాడీ మూసా చేరేసరికి సాయంత్రమవుతుంది. గేటు పక్కనే పెట్రా మ్యూజియం ఉంది, 2019లో తెరిచారు. తెరిచి ఉంటే ఆ సాయంత్రమే ఒక గంట అక్కడ గడపండి. నీటి ఏర్పాట్ల నమూనాలు, మట్టి గొట్టాలు, విగ్రహాలు దగ్గరగా చూడొచ్చు. మర్నాడు పొద్దున ఆరింటికి గేటు తెరవగానే నాన్నగారు లోపలికి వెళితే సీక్‌లో గోడలను ఆయన ఒక్కరే నింపాదిగా చూసుకుంటారు. అమ్మగారూ మీరూ తొమ్మిదికి బండిలో వచ్చి ఖజ్నే దగ్గర కలవండి. ఆరో రోజు ఆయన అద్-దైర్ ఎక్కుతుంటే మీరు అమ్మగారిని చిన్న పెట్రాకు తీసుకెళ్ళండి. కారులో పది, పదిహేను నిమిషాలు. టికెట్ లేదు. ఒక గది కప్పు మీద ద్రాక్షతీగలు, పక్షులు గీసిన నబతీయుల చిత్రం ఉంది. దానికి మాత్రం కొన్ని మెట్లున్నాయి, కర్రలు తీసుకెళ్ళండి.

కృష్ణలంక రాశారు:

అలాగే చేస్తాం రాళ్ళూ రాతలూ గారూ. 75 దినార్ల పాస్‌లు మూడు ఈ రాత్రే తీసుకుంటున్నాను. కర్రలు నాన్నగారు పొద్దునే వెళ్ళి కొనుక్కొచ్చారు.